ఆగే డాక్టరమ్మ కోసం

మా మండలంలో కడుపుతో ఉన్న ఆడదానికి సలహా చెప్పని ప్రాణి ఒక్కటే ఉండేది, మా ఇంటి పొట్టేలు. నా రెండో కడుపు ఏడో నెలలో అది కూడా నన్ను ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపిందని నలుగురికీ చెప్పుకున్నాను. మిగిలిన వాళ్ళందరిదీ ఒకటే మాట. తిరుమలగిరి అంగట్లో పచ్చిమిరపకాయలు అమ్మే ఆమె, బస్సు కండక్టరు, జాకెట్లు కుట్టించుకోవడానికి నా మిషను దగ్గరకు వచ్చే పంతులమ్మ, అందరూ అదే అన్నారు.

"ఒకసారి పెద్దాపరేషన్ అయినంక మల్ల పెద్దాపరేషనే. ఇంకేముంది దాంట్ల."

నాకు కోతంటే భయమై కాదు వద్దన్నది. ఈసారి బిడ్డ తనకు రావాలనిపించినప్పుడు రావాలి. అప్పటిదాకా తొందరపడకుండా ఆగే డాక్టరు ఎవరైనా దొరకాలి. నాకు కావలసింది అంతే. అది ఎందుకో తెలియాలంటే మొదటి కడుపు సంగతి చెప్పాలి. ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. కల్పించగలిగితే వేరేగా కల్పించేదాన్ని.

పెళ్ళయిన చాలా ఏండ్లకు, అత్తగారి ఊళ్ళో నా పేరు మరిచిపోయి గొడ్రాలనే పిలవడం అలవాటైపోయాక, నాకు కడుపు పండింది. రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం అది. తొలికాన్పు పుట్టింట్లోనే కాబట్టి హుజూర్‌నగర్ దగ్గర మా అమ్మవాళ్ళ ఊరికి పోయాను. మా అమ్మకు వరుసగా ఆడపిల్లలం పుట్టాక, మొక్కగా మొక్కగా పుట్టిన ఒక్కగానొక్క కొడుకు నా తమ్ముడు. వాడి కోసం మా అమ్మ యాదగిరిగుట్ట మెట్లు మోకాళ్ళ మీద ఎక్కిందని అందరూ చెబుతారు. నేను చెప్పేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి ఎక్కిందని చెబుతాను. ఏదైనా, వాడికి తుమ్ము వస్తే మా అమ్మకు దగ్గు వచ్చేది.

నాకు తొమ్మిదో నెల రాగానే అమ్మ పంతులు దగ్గరకు పోయింది. నెలలు నిండే రోజుల్లోనే అమావాస్య, దాన్ని అంటుకొని రోహిణి నక్షత్రం ఉన్నాయని ఆయన చెప్పాడు. రోహిణిలో పుట్టిన బిడ్డ వల్ల మేనమామకు గండమని మా దగ్గర పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నా బిడ్డకు ఉన్న మేనమామ ఒక్కడే.

మూడు వారాలు ముందుకు జరుపుకుంటే మంచి ఘడియ ఉందన్నాడు పంతులు.

"తొమ్మిదో నెల పడ్డది గదా. ఇంక ఆగి ఏం జేస్తం," అంది అమ్మ.

మా దగ్గర నెల పడటమూ నెల నిండటమూ ఒకటే లెక్క. తొమ్మిది పడితే తొమ్మిది నిండినట్టే. అమ్మమ్మల కాలంలో ఆ లెక్కతో ఎవరికీ చెరుపు జరగలేదు, ఎందుకంటే ఎవరు ఎట్లా లెక్కపెట్టినా బిడ్డలు తమ లెక్క ప్రకారమే పుట్టేవాళ్ళు. కత్తి చేతికి వచ్చాకే మా లెక్కకు బలం వచ్చింది. టౌనులో ఒక నర్సింగ్ హోము డాక్టరు పంతులు చెప్పిన ఘడియ విని, తన గడియారం చూసుకొని, సరేనన్నాడు. ఏ టౌనో చెప్పను. అటువంటివి ఎక్కడైనా ఉండేవి.

ఆడపిల్ల పుట్టింది, సరిగ్గా చెప్పిన ఘడియకు. ఆ జాతకానికి కలెక్టరవుతుందని పంతులు ఫోనులోనే చెప్పాడు. మా కలెక్టరమ్మకు ఊపిరి తీసుకోవడం రాలేదు. ఏడవలేదు, మూలిగింది. ముక్కుపుటాలు ఎగరేస్తూ, పక్కటెముకలు లోపలికి లాక్కుంటూ ఊపిరి కోసం వెతుక్కుంది. అద్దాల పెట్టెలో పెట్టారు. తర్వాత హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో నా తమ్ముడు పోయాడు. నేను కుట్లతో మంచం మీద ఉన్నాను. పోయేటప్పుడు అద్దంలోంచి చూశాను. వచ్చేటప్పుడు నాకు చూపించలేదు. తమ్ముడే ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడట. నాయిన చేను గట్టున గొయ్యి తీశాడట. పేరు కూడా పెట్టలేదు.

పాలు మాత్రం వచ్చాయి. ఈ సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత తమ్ముడు నా ముఖం చూడటం మానేశాడు. వాడు ఆటో నడిపేవాడు. రాఖీ పున్నానికి నేను పుట్టింటికి పోతే, కిరాయి ఉందని పొద్దున్నే నడిచి బయటపడేవాడు, ఆటో మాత్రం వాకిట్లోనే ఉండేది. నేను ఆ ఆటో అద్దానికి రాఖీ కట్టి, హ్యాండిల్ మీద స్వీటు ముక్క పెట్టి, అది తిన్నదని అమ్మకు చెప్పి వచ్చేదాన్ని.

మూడేండ్లకు మళ్ళీ నెల తప్పాను. మా ఆయన గొర్లు కాస్తాడు. ప్రతి మాటా అరువు తెచ్చుకున్నట్టు మాట్లాడే మనిషి. నా బాధంతా విని, మరునాడు పొద్దున మందను దొడ్లోంచి తోలుతూ జవాబు చెప్పాడు.

"గొర్రె ఈనేటప్పుడు మనం గుంజం గదా. జర దూరం కూసోని చూస్తం. అడ్డం తిరిగితెనే చెయ్యి పెడ్తం. గట్ల కూసునేటోళ్ళు ఎవలన్న ఉన్నరా చూడు."

వరి కోతలయ్యాక ఆయన ఎప్పటిలాగే మందను మేపుకు కృష్ణ దిక్కు తోలుకుపోయాడు. అట్లా కూర్చునే వాళ్ళను నేను ఎక్కడ వెతకాలి అనుకుంటూ ఉంటే, ఒక పొద్దున మా వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. తమ్ముడు దిగలేదు. హుజూర్‌నగర్ నుంచి అంత దూరం ఆటోలో వచ్చాడు, కళ్ళనిండా దుమ్ము.

"ఎక్కు అక్కా."

"ఏడికిరా?"

"డాక్టరును దేవులాడ్తందుకు. బావతోని మాట్లాడిన, అంత చెప్పిండు."

"మీ బావ మాట్లాడిండా? ఎన్ని మాటలు?"

"నాలుగు."

"జొరం గిట్ల వచ్చిందేమో ఆయనకు," అని ఎక్కాను. వాడు నవ్వలేదు. అద్దానికి నేను కట్టిన రాఖీలు రంగు పోయి, దారప్పోగులై ఇంకా వేలాడుతున్నాయి.

మొదట పోయిన దవాఖాన బోర్డు మీద డాక్టరమ్మ పేరు వెనక అక్షరాలు ఎంత పొడుగున్నాయంటే, పట్టక మిగిలినవి పక్కనున్న ఎరువుల షాపు గోడ మీద రాయించారు. ఆమె నా పాత గాటు చూసింది, నా ముఖం చూడలేదు.

"కుట్టు ఇడిస్తే లోపల్నే పగులుతది. నీకు బిడ్డ కావాల్నా, నార్మల్ కావాల్నా?"

ఆమె అన్నది అబద్ధం కాదని తర్వాత తెలిసింది. అట్లా కొందరికి అవుతుంది. కానీ ఎందరిలో ఒకరికి అవుతుంది మేడం అని తమ్ముడు అడిగితే, "నువ్వు డాక్టరువా?" అంది. కాదని ఒప్పుకొని బయటపడ్డాం.

మొదటిది ఎందుకు కోశారని ఆమె అడగలేదు కానీ, అక్కడి నర్సు అడిగింది. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు పడిందని చెప్పాను. రెండో దవాఖానలో వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు అడిగితే మూడు చుట్లన్నాను. మేనమామ కోసం కోయించుకున్నామని ఎట్లా చెప్పను, ఆ మేనమామ పక్కనే నా చెప్పులు పట్టుకొని నిలబడి ఉంటే. చుట్లు పెరిగినప్పుడల్లా వాడు తల దించుకునేవాడు.

ఆ రెండో దవాఖానలో ఆగడం అన్న మాటకే నవ్వారు. పంతులు ఫోను నంబరు కూడా వాళ్ళ దగ్గరే ఉంది. మంచి రోజు వాళ్ళే చూసిపెడతామన్నారు. ఆ మాట వినగానే తమ్ముడు బయటకు పోయి, చాలాసేపు ఆటో చక్రానికి అంటిన మట్టిని పుల్లతో గీకుతూ కూర్చున్నాడు.

మూడో డాక్టరు నవ్వుముఖం మనిషి. "ఎందుకు కాదమ్మా, చూద్దాం," అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను రెండు నెలలు బతికాను. ఎనిమిదో నెలలో స్కానింగ్ చూసి ఉమ్మనీరు తక్కువుందన్నాడు, వచ్చే వారమే కోద్దామన్నాడు. మేం వేరేచోట మళ్ళీ స్కానింగ్ తీయిస్తే నీరు సరిపోను ఉందని చెప్పారు. తమ్ముడు తిరిగి ఆయన దగ్గరకు పోయాడు.

"నీళ్ళు ఉన్నయంట గదా సారు."

"నిన్న లేకుండె. నీళ్ళు వస్తయ్, పోతయ్."

"మా ఊరి బోరు గిట్లనే ఉంటది సారు. గని అది మనుషులను కొయ్యది."

ఇంక తిరగడానికి టౌను మిగల్లేదు, నెలలూ మిగల్లేదు. నాతో ప్రసవం మాట ఎత్తితే ఏడుపొచ్చేది. కోసుకుంటే కోసుకోనీ, ఎట్లాగో బిడ్డ బతికితే చాలనుకునే దాకా వచ్చాను. అప్పుడే తమ్ముడి ఆటో ఎక్కిన ఒక ఆశ వర్కరు చెప్పిందట, ఫలానా సర్కారు దవాఖానలో ఒక డాక్టరమ్మ ఉంది, కాన్పులు చేయడానికే ప్రత్యేకంగా నేర్చుకున్న నర్సులున్నారు, వాళ్ళు ఆగుతారు అని.

సర్కారు దవాఖానలో వరుస ఎంతుందంటే, ముందు నిలబడ్డ ఆమె నంబరు వచ్చేసరికి బిడ్డను కని, దానికి అన్నప్రాసన చేసి లోపలికి పోయింది. మా వంతు వచ్చింది. డాక్టరమ్మకు నా అంత వయసే ఉంటుంది. చెప్పులు విడిచి బల్ల కింద కాళ్ళు ఆడిస్తూ కూర్చుంది. గాటు చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"మొదటిది ఎందుకు కోసిన్రు?"

అన్ని బల్లల ముందు తిరిగాం కదా, ఏ డాక్టరూ ఈ మాట అడగలేదు. బొడ్డుపేగు అని మొదలుపెట్టాను. ఈసారి నాలుగు చుట్లు వేద్దామనే అనుకున్నాను. వెనక నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"నా కోసం, మేడం."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. తమ్ముడు గోడను చూస్తూ అంతా చెప్పాడు. రోహిణి, గండం, మూడు వారాలు, అంబులెన్సు. సగం దారి దాటాక పిల్ల తన వేలు పట్టుకోవడం వదిలేసిందని కూడా చెప్పాడు. అది నాకు అప్పటిదాకా తెలియదు.

డాక్టరమ్మ వాడిని కూర్చోమంది. కుర్చీ లేదు. ఆమే లేచి మంచం పక్కనున్న స్టూలు జరిపింది. మొదటిసారి నొప్పులే రాలేదు, బిడ్డ అడ్డం తిరగలేదు, దారి ఇరుకు అని ఎవరూ తేల్చలేదు కాబట్టి, ఈసారి ప్రయత్నం చేయవచ్చని చెప్పింది. పాత కాగితాలు తెప్పించి, గర్భసంచి కింది భాగంలో కోత అడ్డంగానే ఉందని, అట్లాంటిది పగలడం తక్కువని చూసుకుంది.

"అయితదని నేను మాట ఇయ్య," అంది. "ప్రయత్నం చేద్దాం అంటున్న. నెలలు నిండేటప్పటికి దవాఖాన పక్కనే జాగా చూసుకోని ఉండాలె. నెత్తురు, థియేటర్ తయారుగ పెట్టుకుంట. కుట్టు దగ్గర తేడా వచ్చినా, బిడ్డ గుండె తగ్గినా, నిన్ను రెండోసారి అడుగ, కోస్త. అప్పుడు నన్ను తిట్టుకోవద్దు."

"నేను జాకెట్లు కుడ్త మేడం. గట్టిగ కుడితే బట్ట చినుగుతది గని కుట్టు ఇడువది," అన్నాను ధైర్యం తెచ్చుకొని.

"గర్భసంచి జాకెట్టు గాదమ్మా. అది కుట్టింది నేనూ గాదు, నువ్వూ గాదు. చూసుకుంట పోదాం. నా దగ్గర మాత్రం దాచొద్దు. బొడ్డుపేగు కథలు బయట వరుసల చెప్పుకో."

దవాఖాన ఎదురు సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాం. వండిపెట్టడానికి అమ్మ వచ్చింది. ఆ పిల్ల పోయాక అమ్మ నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. వండేది, వడ్డించేది, నా కాళ్ళు పిసికేది. ఒకరోజు తమ్ముడు కూరగాయల సంచీ పెట్టడానికి మూట జరిపితే అందులోంచి పంచాంగం జారి పడింది.

"ఏందమ్మా గిది?"

"ఏం లే బిడ్డా. ఊకెనే."

"ఊకెనే పంచాంగం ఎవలన్న మోస్తరా?"

"ఏ చుక్క ఎప్పుడున్నదో తెలుసుకుంటే ఏం బోతది. కొయ్యమంటున్ననా నేను? నీకేమన్న అయితే నేను బతుకుతనారా?"

"గా పిల్లకు అయితే అక్క బతుకుతలేదా?"

పొయ్యి మీద అన్నం మాడింది. దించాలని ఎవరికీ తోచలేదు. కాసేపటికి అమ్మే లేచి గిన్నె దించి, మాడు పక్కన పెట్టి, మంచి అన్నం మా ఇద్దరికీ వడ్డించింది. మాడు తను తిన్నది. పంచాంగాన్ని మళ్ళీ మూటలో కట్టింది, తెరవలేదు. ఆ మూట పక్కనే పడుకునేది. అమ్మను తిట్టాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ మాడు నమలడం చూశాక నాకు చేతకాలేదు.

చెప్పిన తేదీ దాటింది. దాటిన ప్రతి రోజూ డాక్టరమ్మ చూసి, బిడ్డ బాగుంది, ఆగుదాం, అనేది. ఆగుదాం అన్న మాట వినడానికే నేను పొద్దున్నే తలదువ్వుకొని పోయేదాన్ని. ఒక ఉదయం బట్టలు ఆరేస్తుంటే నడుములో నొప్పి మొదలైంది. తమ్ముడు ఎదురు సందు నుంచి ఎదురు గేటుకు కూడా ఆటోలోనే తీసుకుపోయాడు.

ఆ రోజు నేను చెప్పుకోవలసిన కథలన్నీ మరిచిపోయాను. నర్సమ్మ నడిపించింది, నడుము రుద్దింది, వంగి నిలబడమంది, గడియకోసారి బిడ్డ గుండె వినిపించింది. డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది.

"నొప్పి నొప్పికి నడుమ కుట్టు దగ్గర గుంజుతున్నదా? నిజం చెప్పు."

"లేదు మేడం."

"నిజమేనా?"

"నా ఒట్టు."

నా ఒట్లకు ఊళ్ళో విలువ లేదు. ఆమె నమ్మింది. నమ్మి, పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. చెయ్యి పెట్టలేదు, తొందరపెట్టలేదు. మధ్యాహ్నం తిరిగాక బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పుట్టీ పుట్టకముందే కేకలు. దవాఖాన రేకులు లేచిపోతాయేమో అన్నంత ఏడుపు. నా రొమ్ము మీద వేశారు. వెచ్చగా, జిగటగా, బరువుగా ఉంది. ఎంత బాగా ఊపిరి తీసుకుంటోందో.

నేనూ ఏడ్చాను. సంతోషమనుకొని నర్సమ్మ నా తల నిమిరింది. నాకు ఒకటే ఆలోచన. ఇంతేనా. ఆగితే చాలా. ఇన్ని రోజులు ఎవరూ ఏమీ చేయలేదు, ఊరికే ఆగారు. ఆ పిల్లకు కావలసింది కూడా ఇంతే. ఊరికే ఇంకో మూడు వారాలు.

అమ్మ వచ్చి పిల్లను ఎత్తుకుంది. తమ్ముడు లోపలికి రాలేదు. సాయంత్రం అడిగితే, కింద ఆటోలో కూర్చున్నాడని చెప్పారు. కోతపడ్డ దాన్నయితే మంచం దిగేదాన్ని కాదు. అమ్మ వద్దంటున్నా పిల్లను పొత్తిళ్ళతో ఎత్తుకొని, గోడ పట్టుకుంటూ పోయాను. వాడు వెనక సీటులో మోకాళ్ళ మీద తల పెట్టుకొని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"ఆగి ఉంటే గా పిల్ల గూడ గిట్లనే ఏడుస్తుండె గదా, అక్కా," అన్నాడు తల ఎత్తకుండా.

నాకు వచ్చిన ఆలోచనే వాడికీ వచ్చింది. వేరే ఎట్లా వస్తుంది.

"లేదురా," అన్నాను. "డాక్టరమ్మను అడిగిన నేను. పాత కాగితాలల్ల అంత చూసిందంట. దాని ఊపిరితిత్తులు పుట్టుకతోనే సక్కగ లెవ్వంట. నిండా ఆగినా బతకకపోతుండె అన్నది."

"డాక్టరమ్మ గట్ల అన్నదా?"

"అన్నది."

వాడు చాలాసేపు నా వైపు చూశాడు. దాదాపు నాలుగేండ్ల తర్వాత నా ముఖం చూశాడు. ఆ తర్వాత చేతులు ప్యాంటుకు తుడుచుకొని, తల ఎటు పట్టుకోవాలని అడిగాడు. పిల్లను ఇచ్చాను. బాగానే పట్టుకున్నాడు. సర్కారు కిట్టు సంచీతో నర్సమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి తిట్టేదాకా అట్లాగే కూర్చున్నాం.

నెలన్నరకు సూది వేయించడానికి పోయినప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మీ తమ్ముడు వచ్చి పోయిండు. పోయిన వారం."

"ఎందుకు?"

"నేను అన్ననంట గదా, మొదటి పిల్ల ఆగినా బతకకపోతుండె అని. నిజమేనా అని అడిగిండు. నేను అట్ల అనలేదన్న. నిండా ఆగితే బతికే ఉంటుండె అని చెప్పిన. తప్పు నీది గాదు, నెలలు నిండినయా లేదా చూడకుంట కోసినోళ్ళదని గూడ చెప్పిన. ఆయన పోయినంక సమజైంది, ఆ మాట నువ్వు ఎందుకు చెప్పినవో. నాకు ముందే ఒక మాట చెప్పకపోతివి."

ముందే చెబితే మాత్రం ఆమె అబద్ధమాడుతుందా. ఆడదు. అట్లాంటి మనిషి కోసమే కదా మేమిద్దరం అన్ని టౌన్లు తిరిగింది.

కిందకు దిగాను. తమ్ముడు ఆటో స్టార్ట్ చేసి ఉన్నాడు. వారం కింద విన్నాడు, నాతో ఒక్క ముక్క అనలేదు. ఇప్పటికీ అనలేదు. నేనూ అడగలేదు. రాఖీకి ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు, చెయ్యి చాపుతాడు, నా బిడ్డ కట్టింది కూడా కట్టించుకుంటాడు.

"సూదికి ఏడ్చిందా?" అని అడిగాడు ఆ రోజు.

"కొంచెం."

"ఏడ్వనీ," అన్నాడు.

రోడ్డంతా గుంతలు. పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది. వాడు ఒక్కో గుంతలోకి చక్రాన్ని దించి, పైకి తీసి, మళ్ళీ దించుతూ ఎంత మెల్లగా నడిపాడంటే, వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. వాడు పక్కకు జరగలేదు.